మన సీమ పూర్వసంపద – బాలబాలికల విద్య

 

మన మహాసభ సమావేశమైనప్పుడెల్ల నూలు వెల గుఱించియు, మగ్గముల స్థితి గుఱించియు, విద్యార్థి వేతనముల గుఱించియు, వసతిగృహముల గుఱించియు చర్చించుట పరిపాటి. అవి యన్నియు నావశ్యకములే. కడుపునకు కూడును, బిడ్డలకు చదువును లేనిచో సంఘోద్ధరణ మను మాట వట్టిమాట యగును. అయినను ఈ సంచికయందు మేము వేఱొక విషయమును మనవారి యెదుట నుంచ దలచితిమి. పదుమూడేండ్లు మొదలు పందొమ్మిదేండ్ల వఱకు వయస్సుగల మన బాలబాలికలకు, తాము పుట్టిన నేల యెంతటి పురాతనమైనదో, అందు తమకును తోడి కులములవారికిని ఉమ్మడిగ సంక్రమించిన సొత్తు ఏదియో ఎవరు చెప్పవలెను? చెప్పనిచో నేమగును? ఇదియే యీ వ్యాసమునకు విషయము.

ఆ వయస్సునే యేల పేర్కొంటిమో కూడ విన్నవింతుము. పసిబిడ్డ చెప్పిన కథనెల్ల నమ్మును. పెద్దవాడు తన నమ్మకమును సులభముగ విడువడు. నడుమనున్న యీ వయస్సువాడు మాత్రమే ‘నిజమా? ఋజువేది?’ అని యడుగును. చరిత్ర యడుగు ప్రశ్నయు నదియే. అంతియగాక, కండబలము వచ్చి, తనదను నభిమానము మేల్కొని, ఎవరేమి చెప్పినను దానికై పరుగెత్తు వయస్సు కూడ నదియే. ఆ బలము గడ్డపాఱ పట్టి గుడిని త్రవ్వుటకైనను పోగలదు. ఆ గుడిని కాపాడుటకైనను నిలువగలదు. ఏ దారిని పోవునో పెద్దల చేతిలో నున్నది.

ఎఱ్ఱగుడి బండలు

ఈ మాట మేము క్రొత్తగ చెప్పుచున్నది కాదు. రెండువేల రెండువందల యేండ్లకు పైబడి మన కర్నూలు మండలమున నొక బండపై చెక్కబడియున్నది.

గుత్తికిని పత్తికొండకును నడుమ, తుగ్గలి మండలమున, ఎఱ్ఱగుడి గ్రామమునకు దగ్గఱగ నొక గుట్టపై మౌర్య చక్రవర్తియగు అశోకుని ధర్మశాసనములు గలవు. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దిలో చెక్కబడిన యీ అక్షరములను పశువుల కాపరులు తరతరములుగ చూచుచునే యుండిరి. కాని యవి యక్షరములని లోకమునకు తెలిసినది 1929 ప్రాంతమున, అనూ ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని గుర్తించిన పిమ్మట మాత్రమే. అశోకుని పదునాలుగు పెద్ద శిలాశాసనములును, చిన్న శిలాశాసనములును ఒక్కచోటనే లభించుట యిచటి విశేషము. పత్తికొండకు సమీపముననే రాజుల మందగిరియందును ఆ చక్రవర్తి చిన్న శాసన మొకటి గలదు. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. నేడు మనము వ్రాయు తెలుగు లిపికి మూలపురుషుడు ఆ బ్రాహ్మియే.

ఎఱ్ఱగుడి చిన్న శాసనమున మఱియొక వింత గలదు. అందు కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచును. పండితులు దీనిని ఎద్దు సాలు దున్నిన తెఱగుతో పోల్చిరి. నేతవారమగు మనకు వేఱొక పోలిక తోచును: మగ్గమున నాడె అటు పోయి యిటు వచ్చినట్లే యా వ్రాత పోయి వచ్చినది. మన పిల్లవానికి ఈ యొక్క మాట చెప్పిన చాలును, ఆ బండ వానికి చుట్టమగును.

ఇక ఆ శాసనమందలి విషయము. తల్లిదండ్రులను, గురువులను సేవింపవలెను. ప్రాణులయెడ దయ చూపవలెను. సత్యమే పలుకవలెను అని చక్రవర్తి యుపదేశించెను. అంతటితో నిలువక, ఏనుగుల నెక్కువారిని, వ్రాతపని చేయు కరణములను, రథవాహనముల విద్య నేర్పువారిని, బ్రాహ్మణులను వేఱువేఱుగ పేర్కొని, వీరందఱును తమతమ శిష్యులకు పూర్వపు మర్యాద యెట్లుండెనో అట్లే నేర్పవలెనని యాజ్ఞాపింపుడని తన యధికారులకు కట్టడ చేసెను. ఇది గమనింపదగిన మాట. ఆనాటికే ‘పూర్వపు మర్యాద’ అను భావము గలదు. అది యొక్క వర్గమువారి సొత్తు కాదు. ఏనుగు నెక్కువాని శిష్యునికిని, కలము పట్టువాని శిష్యునికిని అదియే నేర్పవలెను. ఏ వృత్తివారి పిల్లలకు ఆ వృత్తివారి పెద్దలు చెప్పవలెను. చెప్పవలసినది మాత్రము అందఱికి నొక్కటియే. మన వ్యాసమంతయు ఈ రెండు ముక్కలకు వ్యాఖ్యానమే యని భావింపుడు.

ఆ తుగ్గలి, జొన్నగిరి ప్రాంతముననే తొలకరి వాన కురిసిన మఱునాడు జనులు గుంపులు గుంపులుగ చేలలో తలవంచి తిరుగుదురు. వాననీట కడుగబడి పైకి తేలిన వజ్రము దొరకునేమో యని వారి యాస. దూరపు మండలములనుండి సైతము వచ్చి, చెట్లక్రింద వంట వండుకొని, దినములకొలది వెదకువారు గలరు. వారిని మేము పరిహసించుట లేదు. వేయింట నొకనికి దొరకవచ్చును. అయితే ఆ నేలపైననే, వెదకనక్కఱలేక, ఎవరికిని కొనుటకు అమ్ముటకు వీలుకాక, అందఱికిని సమానముగ దక్కు వజ్రమొకటి బండపై మెఱయుచున్నది. దానికొఱకు తలయెత్తి చూచువారు ఎందఱు?

రాళ్లసీమ యనెడి పరిహాసము

1928లో నంద్యాలలో జరిగిన సభలో పెద్దలు ‘దత్తమండలము’లను పేరు విడిచి ‘రాయలసీమ’ యను పేరు స్వీకరించిరి. పరాయి ప్రభువు ఇంకొక ప్రభువునకు దత్తము చేసిన నేల యను నవమానము తొలగి గౌరవము గలిగెను. అయినను ‘రాయలసీమ కాదు, రాళ్లసీమ’ యని నేటికిని హాస్యమాడువారున్నారు. ఆ హాస్యము మనకు నింద కాదు. ఆ రాళ్లలో నేమున్నదో కొంత వివరింతుము.

బనగానపల్లె, యాగంటి ప్రాంతమున జుఱ్ఱేరు లోయలో జ్వాలాపురమను గ్రామము గలదు. దాదాపు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా ద్వీపమున టోబా యను అగ్నిపర్వతము బ్రద్దలై, దాని బూడిద సముద్రము దాటి వచ్చి యీ లోయలో పేరుకొన్నది. ఆ బూడిద పొరకు క్రిందను, పైనను మానవులు చేసిన ఱాతి పనిముట్లు దొరకినవని 2007లో పరిశోధకులు ప్రకటించిరి. అనగా అంతటి యుత్పాతమునకు ముందును మానవుడిచట నుండెను, పిమ్మటను ఉండెను. కఱవు వచ్చినప్పుడెల్ల ‘ఈ సీమలో మనుష్యుడెట్లు బ్రతుకును?’ అని నిట్టూర్చు మనకు ఇంతకంటె ధైర్యము చెప్పు సాక్ష్యము వేఱొకటి కావలయునా?

బేతంచెర్ల చేరువనున్న బిల్లసర్గము గుహలను 1844లో న్యూబోల్డ్ అను సేనాని లోకమునకు తెలిపెను. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుని పర్యవేక్షణమున అతని కుమారుడు వానిలో త్రవ్వి, పూర్వకాలపు జంతువుల యెముకలను ప్రోవు చేసెను. ఓర్వకల్లు మండలమున కేతవరమను గ్రామమువద్ద కొండచఱియలపై ఆదిమానవులు వ్రాసిన బొమ్మలు గలవు. అవి వ్రాసినవారికి కులము లేదు, రాజ్యము లేదు. చూచిన దానిని గీయవలెనను కోరిక మాత్రము గలదు.

కడప మండలమునకు వచ్చిన, ఎఱ్ఱగుంట్ల సమీపమున కలమళ్ల గ్రామము గలదు. అచటి చెన్నకేశవ సిద్ధేశ్వరాలయపు టావరణమందలి శాసనము క్రీ.శ. 575 ప్రాంతమునాటిది. రేనాడు ఏలిన చోళులలో నొకడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలమున నది వేయబడెను. అంతకు మునుపు రాజులు తమ యానతులను ప్రాకృతమునను సంస్కృతమునను చెక్కించుచుండిరి. వానిలో తెలుగు మాట లచ్చటచ్చట తొంగిచూచుచుండెను. తెలుగే రాజు నోటి భాషగ ఱాతికెక్కినది ఈ రేనాటి నేలయందే. పెద్ద రాజధానులలో గాక, పెన్నకును కుందూనదికిని చేరువనున్న యీ మెట్టనేలలో తెలుగునకు రాచమర్యాద దొరకెను. 2008లో తెలుగునకు ప్రాచీనభాష యను గౌరవము లభించినప్పుడు మనమందఱము సంతోషించితిమి. ఆ గౌరవమునకు ఱాతిసాక్ష్యము పలికిన యూరి పేరు మన పిల్లలలో నెందఱికి తెలియును? ఆ శాసనమందలి కొన్ని పంక్తులు శిథిలమైనవి. పోయిన యక్షరము మఱల రాదు.

జమ్మలమడుగు దాపున పెన్న యొడ్డున దానవులపాడు గలదు. పేరు విన్న నేదో రాక్షసుల కథ స్ఫురించును. 20వ శతాబ్ది ప్రారంభమున పురాతత్త్వశాఖవారు ఇసుక దిబ్బలను త్రవ్వగా నచట నొక జైనక్షేత్రము బయల్పడెను. తీర్థంకరుల విగ్రహములును, రాష్ట్రకూట ప్రభువగు నిత్యవర్షుడు, అనగా మూడవ ఇంద్రరాజు, శాంతినాథుని స్నపనమునకై చేయించిన పీఠమును దొరకినవి. వానిలో గొన్ని మద్రాసు ప్రదర్శనశాలకు చేరినవి. ఆ జినాలయమును నిలిపిన జనులేమైరి? మనలో కలసిపోయిరి, మనము వారిలో కలసితిమి. నందలూరి పరిసరమున బౌద్ధుల విహారావశేషములు గలవు. ఆ యూరిలోనే సౌమ్యనాథస్వామి కోవెల గలదు. గండికోటలో మాధవరాయని గుడియు, రంగనాయకుల గుడియు, జుమ్మా మసీదును ఒక్క కోటగోడలలోపలనే నిలిచియున్నవి. కర్నూలులో కొండారెడ్డి బురుజు నెఱుగనివారు లేరు. ఆ యూరిలోనే హంద్రీ యొడ్డున అబ్దుల్ వహాబు సమాధి గలదు.

ఈ పట్టికలోని వేవియు ఒక్క కులమువారి సొత్తు కావు. ఒక్క మతమువారివియు గావు. పడుగు ఒకరు తోడగా పేక యొకరు నేసిన వస్త్రము వంటిది యీ సీమ. దారములను వేఱుచేసి ‘ఇది నాది, అది నీది’ యని లాగినచో దారమే మిగులును గాని వస్త్రము మిగులదు.

వంశచరిత్రయు దేశచరిత్రయు

మనవంటి సంఘముల సంచికలలో తఱచుగ కనబడునది వంశచరిత్ర. మన కులమునకు మూలపురుషుడు ఫలాన ఋషి యనియు, మన పూర్వులు ఫలాన రాజునొద్ద గౌరవము బడసిరనియు వ్రాయుదుము. అది తప్పని మేమనము. తలయెత్తి నడువని కులమునకు తలయెత్తు ధైర్యమును ఆ వ్రాతలే యొసగినవి. అయితే మన బాలుడు ‘ఋజువేది?’ అని యడిగినప్పుడు పురాణకథ వానికి చాలదు. చాలనిచోట రెండు కీడులు గలుగును: పెద్దలు చెప్పునదంతయు కల్ల యని వాడు విడిచిపెట్టును, లేదా కథనే ఋజువనుకొని, అట్టి కథ చెప్పుకొను తోడి కులముతో తగవులాడును. ఈ రెండింటిలో నేది జరిగినను నష్టము మనదే.

నిజమైన సాక్ష్యము మనకు లేకపోలేదు. విజయనగర కాలపు శాసనములలో మగ్గములపై పన్నుల ప్రస్తావన పలుమాఱులు గలదు. పన్ను కట్టినవాడే లెక్కకెక్కును. ఆ పన్నుల మాటయందే మన పూర్వులు రాజ్యపు భారమును మోసినవారని తెలియుచున్నది. ఋషికథకంటె ఈ సాక్ష్యము పొట్టిది. కాని యెవ్వరును కాదనలేనిది.

ఇంకను గొప్ప సాక్ష్యము మాళవదేశమున గలదు. దశపురమనబడిన నేటి మందసౌరునందు పట్టునేతవారి శ్రేణి యొకటి యుండెను. వారు లాటదేశమునుండి వలస వచ్చినవారు. క్రీ.శ. 436లో వారు తమ శ్రేణి ధనముతో సూర్యదేవునకు ఆలయము కట్టించిరి. కొంతకాలమునకు ఆలయము కొంత శిథిలమాయెను, క్రీ.శ. 473లో ఆ శ్రేణివారే దానిని మరమ్మతు చేయించి, వత్సభట్టి యను కవిచే శాసనము వ్రాయించిరి. వలస వచ్చినపిమ్మట వారిలో కొందఱు నేతను విడువక నిలిచిరనియు, కొందఱు విలువిద్య, జ్యోతిషము, కథలు చెప్పుట మొదలగు వానిలో నేర్పరులైరనియు నందే గలదు. మన యిండ్లలో నొక కుమారుడు మగ్గమువద్దను, నొకడు బెంగుళూరు నౌకరిలోను ఉన్నట్లే యని తోచుట లేదా? ఆ శ్రేణివారు తాము కట్టినదానిని తామే చెడకుండ చూచుకొనిరి. ఆలయము కట్టుట ధనవంతుని పని. కట్టినదానిని నిలుపుట సంఘము పని. మన బాలురకు చెప్పవలసిన కులచరిత్ర యిట్టిది.

సహకారమున మన సీమ నేతవారు వెనుకబడినవారు కారు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నెలకొల్పిన చేనేత సహకార సంఘము దేశమంతట పేరు గాంచెను. నూలును, అంగడిని ఉమ్మడిగ చేసికొనగల్గినవారికి పూర్వసంపదను ఉమ్మడిగ కాపాడుకొనుట యసాధ్యము కాదు.

పోవుచున్న విధము

ఇక బాధ కలిగించు విషయము. మన కన్నుల యెదుటనే యీ సంపద నాలుగు విధముల నశించుచున్నది.

మొదటిది గుప్తధనమను భ్రమ. పాడుపడిన గుడిలో లింగము క్రింద, నంది కడుపులో, కోటగోడలో నిధి యున్నదని యెవడో మంత్రగాడు చెప్పును. రాత్రివేళ గడ్డపాఱలు పట్టుటకు కూలి యిచ్చి కుఱ్ఱవాండ్రను తోడ్కొని పోవుదురు. పట్టుబడినప్పుడు మంత్రగాడు కనబడడు. కుఱ్ఱవాడు ఠాణాలో కనబడును. విజయనగర కాలపు నంది పగిలినది పగిలినట్లే యుండును. ఆ గుడి కట్టినవారు ధనమును ఱాతిలో దాచలేదు, ఱాయిగనే మార్చి మన కిచ్చిరి. ఈ మాట పదునాఱేండ్ల వానికి ముందుగనే తెలిసియుండిన వాడు గడ్డపాఱ పట్టునా?

రెండవది భక్తితో చేయు నాశనము. జీర్ణోద్ధారణమను పేర శాసనమున్న కంబమునకు సున్నము పూయుట, రంగులు వేయుట, ఇసుకను వేగముగ చిమ్మి ఱాతిని నునుపు చేయుట, శాసనపు బండను తిరుగవేసి మెట్టుగ పఱచుట. చేయువారు దుర్మార్గులు కారు, పుణ్యమునకే చేయుదురు. పుణ్యమునకు చేయునపుడు అడ్డు చెప్పుటకు ఊరిలో నొకడైనను అక్షరమెఱిగినవాడు కావలెను.

మూడవది గనుల త్రవ్వకము. మన సీమ నాపరాయికిని సున్నపుఱాతికిని పేరు వడసినది. అందువలన వేలాదిమంది బ్రతుకుచున్నారు. దానిని మేము నిందింపము. అయితే జ్వాలాపురపు బూడిదను గిన్నెలు తోము పొడికై త్రవ్వి తరలించిరన్న మాట విన్నప్పుడు, డెబ్బదినాలుగు వేలయేండ్ల సాక్ష్యము ఎంత చౌకగ పోయినదో యని మనసు క్రుంగును. ఇది తెలియనివారి తప్పు కాదు; తెలిసియు చెప్పనివారిది.

నాలుగవది తప్పనిసరియగు నష్టము. 1963లో శ్రీశైలము ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగెను. 1980 దశకపు ప్రారంభమునాటికి కృష్ణా తుంగభద్రల యొడ్డున నున్న గ్రామములు పెక్కులు నీట మునిగినవి. వానితో గుళ్లును మునిగినవి. కొన్నిటిని ఱాయి ఱాయికి గుర్తు వేసి విప్పి, వేఱొకచోట మఱల నిలిపిరి. కర్నూలు చెంత జగన్నాథ గట్టుపైనున్న రూపాల సంగమేశ్వరాలయ మట్టిదే. సప్తనదీ సంగమమున నున్న సంగమేశ్వరుడు మాత్రము నేటికిని జలాశయములోనే యుండి, నీరు తగ్గిన కాలమున బయటపడి దర్శనమిచ్చును. ఈజిప్టు దేశమున అస్వాన్ ఆనకట్ట కట్టునపుడు అబూ సింబెల్ దేవాలయములను 1964 మొదలు 1968 వఱకు విప్పి యెత్తునకు చేర్చిరి. దానికి లోకదేశములు అనేకములు తోడ్పడినవి. మన జగన్నాథ గట్టు కథ అంత పెద్దది కాకపోయినను ఆ జాతికి చెందినదే. ప్రాజెక్టు వద్దని యెవడనును? నీరు లేనిదే మన సీమ బ్రతుకదు. కాని నీటికొఱకు ఏమి విడిచితిమో పిల్లలకు చెప్పవలెను. చెప్పనిచో నష్టము రెండు రెట్లగును.

నేర్పవలసిన విధము

బడిపుస్తకములో మౌర్యులున్నారు, చోళులున్నారు. పరీక్షకు చదివి, పరీక్ష కాగానే మఱతురు. అశోకుడు పాటలీపుత్రమువాడని వ్రాసిన బాలుడు ఎఱ్ఱగుడికి నలువది మైళ్లలో నున్నవాడై యుండియు దాని నెఱుగడు. కావున నేర్చుట ఊరినుండి ప్రారంభము కావలెను.

మొదట, స్థలమును చూపవలెను. శాసనములను నడిమధ్యాహ్నము చూపరాదు. ఉదయమునగాని సాయంకాలమునగాని ఎండ యేటవాలుగ పడినప్పుడు అక్షరపు గీత నీడ పట్టి లేచి కనబడును. అంతవఱకు గీతలు లేని బండగ తోచినది ఒక్కమాఱుగ మాటలాడును. ఆ యనుభవము పది ఉపన్యాసములతో సమానము.

రెండవది, లిపిని నేర్పవలెను. బ్రాహ్మి యక్షరములు కష్టమైనవి కావు. కొలది దినములలో పిల్లవాడు తన పేరును బ్రాహ్మిలో వ్రాసికొనగలడు. తరువాత ఆ యక్షరమే శతాబ్దముల వెంట వంగి, గుండ్రనై, తలకట్టు పెట్టుకొని తెలుగక్షరమైన క్రమమును పట్టికగ చూపవలెను. తన చేతివ్రాతలో రెండువేల యేండ్ల ప్రయాణమున్నదని తెలిసిన బాలుడు ఱాతిపై తన పేరు చెక్కడు.

మూడవది, వినుటయు వ్రాయుటయు. 1810 మొదలు 1815 వఱకు దత్తమండలములను కొలిపించిన కల్నల్ మెకంజీ తన యుద్యోగులను గ్రామగ్రామమునకు పంపి, కరణములవద్దను పెద్దలవద్దను ఊరి వృత్తాంతములను వ్రాయించెను. అవే కైఫీయత్తులు. ఊరెట్లు పుట్టినది, చెఱువెవరు త్రవ్వించిరి, కఱవులో ఎవరు వలస పోయిరి, గుడికి మాన్యమెవరిచ్చిరి యను వివరములందు గలవు. కడప మండలపు కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమువారు సంపుటములుగ ముద్రించిరి. ఆ కేంద్రము నిలిచినది బ్రౌన్ దొర నివసించిన బంగళా స్థలముననే. తాళపత్రములను ప్రోవుచేసి, పండితులను తన యింట నుంచుకొని తెలుగు గ్రంథములను పరిష్కరింపజేసిన చోటది. శిథిలమైన యా స్థలమును గ్రంథాలయముగ మార్చుటకు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు చేసిన కృషి లోకవిదితము. మన బాలబాలికలలో ప్రతివారును తమ యూరి కైఫీయత్తును చదివి, దానికి కొనసాగింపుగ తమ యవ్వతాతలు చెప్పునది వ్రాయవలెను. ఆసు పోయు పాటలు, రంగు కాచు తెఱగులు, పాత చీరల యంచుల పేర్లు – ఇవియు పూర్వసంపదయే. ఱాయి కొంతకాలము ఆగును, అవ్వ యాగదు.

నాలుగవది, కొలుచుటయు లెక్కించుటయు. ఊరిలో వీరగల్లులెన్ని, శాసనములెన్ని, పాత బావులెన్ని, ఏవి యెచట నున్నవి, ఏ స్థితిలో నున్నవి యని పట్టిక వేసి ఛాయాచిత్రములు తీయవలెను. శాసనముపై తడికాగితము పఱచి కుంచెతో కొట్టి సిరా అద్ది ప్రతి తీయుట నేర్పరులు చేయవలసిన పని. పిల్లలు దానిని చూడవచ్చును గాని స్వయముగ చేయరాదు. సుద్దతో గాని రంగుతో గాని అక్షరములను దిద్దనే కూడదు. క్రొత్త శాసనము కనబడిన మైసూరునందలి శాసనశాఖవారికిని, రాష్ట్ర పురాతత్త్వశాఖవారికిని తెలుపవలెను. 1886లో మొదలైన యా శాసనపరిశోధన నేటికిని ముగియలేదు. ముగియకుండుటకు కారణము మన యూళ్లలో చదువని ఱాళ్లింకను మిగిలియుండుటయే.

చట్టమును కూడ తెలుపవలెను. భూమిలో నిధి దొరకిన ప్రభుత్వమునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. 1958 నాటి చట్టము ప్రకారము కేంద్ర రక్షిత కట్టడములను పాడుచేయువారికి రెండేండ్ల వఱకు చెఱ గాని, లక్ష రూపాయల వఱకు జుల్మానా గాని, రెండును గాని గలవు. మన రాష్ట్రమునకును 1960 నాటి చట్టము వేఱుగ గలదు. ఇవి భయమునకు చెప్పునవి. గౌరవమునకు చెప్పవలసినది వేఱు: 1976లో రాజ్యాంగమున చేర్చబడిన పౌరధర్మములలో, మన ఉమ్మడి సంస్కృతి వారసత్వమును విలువగ నెంచి కాపాడుట యొకటి. ఉమ్మడి యను మాటయే ప్రధానము.

మహాసభకు విన్నపము

పోషక మహాశయులారా! మన సంఘము వసతిగృహములలో అన్నము పెట్టుచున్నది, పుస్తకములు కొనుచున్నది. ఈ క్రింది పనులకు పెద్ద ధనము అక్కఱలేదు.

ప్రతి తాలూకా శాఖయు సంవత్సరమున కొకమాఱు, ఎండ తగ్గిన కాలమున, బాలురను బాలికలను కూడ ఒక పురాతన స్థలమునకు తోడ్కొని పోవలెను. ఆ బండిలో మన కులమువారి పిల్లలకే గాక ఆ యూరి తోడి కులములవారి పిల్లలకును, మాలమాదిగల పిల్లలకును, మహమ్మదీయుల పిల్లలకును చోటుండవలెను. ఉమ్మడి సొత్తును ఒంటరిగ చూడరాదు. చూచివచ్చిన పిల్లలు వ్రాసిన ఊరి వృత్తాంతములలో మంచివానిని వచ్చే సంవత్సరపు సంచికయందు ముద్రింపవలెను. ఋషికథలకు నాలుగు పుటలిచ్చు మనము వీనికి నాలుగు పుట లీయలేమా? మన సంఘీయులు ధర్మకర్తలుగ నున్న దేవాలయములలో మరమ్మతు పనికి ముందు శాసనములున్నవేమో యెఱిగినవారిచే చూపింపవలెను. పాత విగ్రహమును గాని శిల్పమును గాని మన యింట అలంకారమునకై కొనరాదని నిశ్చయించుకొనవలెను. కొనువాడుండుటచేతనే దొంగ గలడు.

కొందఱు పెద్దలు ‘కడుపు నిండని కుఱ్ఱవానికి ఱాళ్ల చదువెందు’కని యడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. ఈ చదువు నౌకరి నిచ్చునని మేము చెప్పము. కాని వలసపోవు బిడ్డకు మనమిచ్చు మూటలో ఏముండవలెనో యాలోచింపుడు. దశపురపు నేతవారు లాటదేశము విడిచి వచ్చునపుడు తమ విద్యను వెంట తెచ్చిరి; పరాయి యూరిలో నాలయము కట్టి, దానిని కాపాడి, పదునైదు వందల యేండ్ల పిమ్మటను తమ పేరు మనకు వినబడునట్లు చేసిరి. ఎక్కడికి పోయినను తాను ఎచటివాడో యెఱిగినవాడు ఎవరికిని లోకువ కాడు, ఎవరిని లోకువ చేయడు.

ఎఱ్ఱగుడి బండపై చక్రవర్తి తన యధికారులకు చెప్పిన పని, నేడు అధికారులు చేసినను చేయకపోయినను, సంఘముల పెద్దలు చేయదగినది. మహాసభవారు ఈ విన్నపమును తీర్మానముగ స్వీకరించి, రాబోవు చలికాలమునకే మొదటి యాత్రను ఏర్పఱుతురుగాక యని కోరుచు, ఇంతటితో విరమించుచున్నారము.